బస్సు కమ్మీకి చెప్పిన మాట

ఎండిపోయిన మా బావి మీద ఒట్టు. అందులో ఇంకా నీళ్ళున్నాయనుకుని దిగి, ఉత్త ముక్కులతో పైకొచ్చే పావురాళ్ళ మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. నా ఒట్టును మా ఊళ్ళో ఎవరూ నమ్మరు, అది వేరే సంగతి. తొప్పూరు కనుమలో టమేటా లారీ బోల్తా పడి వాగంతా చారైపోయిందనీ, కింద రెండు ఊళ్ళవాళ్ళు మూడు రోజులు అన్నం ఒక్కటే వండుకున్నారనీ చెప్పినవాణ్ణి నేనే. ఆ మాట నమ్మి బిందె పట్టుకుని బయల్దేరిన మనిషి ఇప్పటికీ నాతో మాట్లాడడు. కానీ ఇది ఆ రకం కథ కాదు. ఇది మా అత్త చావు. చావు దగ్గర కోతలు కోసేంత పాపిష్టివాణ్ణి కాను.

మా ఊరు తమిళనాట ధర్మపురి జిల్లాలో, కారిమంగళానికి, పాలకోడుకు నడుమ ఉంటుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చామో ఎవరికీ లెక్క లేదు. పిల్లలు తమిళ బడిలో చదువుతారు, పెద్దలు తమిళంలో వేలిముద్ర వేస్తారు. తెలుగు అక్షరాలు వచ్చినవాణ్ణి మా వాడలో నేనొక్కణ్ణే. అదీ గొప్ప చదువేమీ కాదు. వయసులో ఉండగా మూడేళ్ళు మదనపల్లె టమేటా మండీలో పనిచేసి, లారీల వెనక రాతలు కూడబలుక్కుని నేర్చుకున్నాను.

మా ఆడవాళ్ళకు తమిళం రాదని కాదు. సంతలో చింతపండు బేరమాడేటప్పుడు చూడాలి వాళ్ళ తమిళం. అమ్మేవాడు చేతులెత్తి దండం పెడతాడు. కానీ అది సంత తమిళం. ఒంటి సంగతులు, అందులోనూ చీర మరుగు సంగతులు, వాళ్ళు తమ అమ్మల దగ్గర తెలుగులో నేర్చుకున్నారు, తెలుగులోనే దాచుకున్నారు. ఆ మాటలకు తమిళం ఏమిటో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆడమనిషికి జబ్బు చేస్తే ఒక మగవాడు తోడు పోతాడు. ఆమె స్టూలు మీద కూర్చుంటుంది, అతను పక్కన నిలబడతాడు. డాక్టరు అతన్ని అడుగుతాడు, అతనే చెబుతాడు. ఆమె నాలుక చాపమంటే చాపుతుంది, ఊపిరి పీల్చమంటే పీలుస్తుంది. సొంత మొగుడికి నోరు లేకపోతే నన్ను పిలిచేవాళ్ళు. "వాడు చెప్తే రాయి కూడా వింటాది" అని నాకు పేరు.

నిజంగానే వినేవాళ్ళు. ఉన్నదున్నట్టు చెబితే డాక్టరు తల ఎత్తకుండా చీటీ రాసేస్తాడని నేను తొందరగానే కనిపెట్టాను. ఒక ముసలాయనకు జ్వరమని చెబితే మాత్రలిచ్చి పంపుతుంటే, "సార్, ఈయన పొద్దున్నించి ఎనుమును మామా అని పిలుస్తున్నాడు, అది కూడా పలుకుతోంది" అన్నాను. డాక్టరు తల ఎత్తాడు. ముసలాయనకు మంచం దొరికింది, బతికాడు. అప్పట్నించి నా గర్వానికి హద్దు లేదు.

ఇక మా అత్త. మా నాయనకు చెల్లెలు. నన్ను చంకనేసుకుని పెంచింది. ముక్కు చీది, తలంటి పోసి, తంతే ఏడ్చిన నన్ను మళ్ళీ తనే బుజ్జగించిన మనిషి. ఆమె కూతుర్నే నేను చేసుకున్నాను. తాళి కట్టిన రోజు నించి ఆమె నాతో నేరుగా మాట్లాడడం మానేసింది. అల్లుడితో అత్త ఎదురుగా మాట్లాడకూడదు, అది మా మర్యాద. కొంగు నెత్తిన లాక్కుని తలుపు వెనక నిలబడి, నాకు చెప్పాల్సిన మాటను వేరే దేనికో చెప్పేది. ఎక్కువగా ఎనుముకు చెప్పేది.

"ఏమ్మే, మాప్పిళ్ళ సద్ది తాగినాడో లేదో కనుక్కోరాదా?" అని ఎనుమును అడిగేది. మాప్పిళ్ళ అంటే అల్లుడు, నేనే.

"తాగినాడని చెప్పు" అని నేనూ ఎనుముకే చెప్పేవాణ్ణి.

"ఆ ఎనుముకు ఈ ఇంట్లో జరిగేదంతా తెలుసు. ఒక్క పాలివ్వడమే తెలియదు" అనేది నా పెళ్ళాం.

మామ పోయినాక అత్త మా పక్కింట్లో ఒక్కతే ఉండేది. జిల్లా రెండు ముక్కలై కృష్ణగిరి వేరు పడిన ఏడాది, వేసవి ఇంకా ముదరకముందు, నా పెళ్ళాం వచ్చి చెప్పింది.

"అమ్మకు ఒళ్ళు బాగలేదంట. ఏమ్మా అంటే చెప్పదు. మాప్పిళ్ళను రమ్మను, ఆస్పత్రికి పోతాము అంటాది."

"నువ్వూ రా" అన్నాను.

"ఈ పొద్దు సంఘం మీటింగు ఉండాది. అయినా నేనొచ్చి ఏమి చేసేది? మాట్లాడేది నువ్వే కదా."

బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. నేను నడవకు ఈ పక్క సీట్లో. కారిమంగళం దాటినాక ఆమె కొంగు సర్దుకుని, ముందు సీటు కమ్మీని పట్టుకుని, ఆ కమ్మీతో చెప్పింది. కడుపునొప్పి అని చెప్పింది. కొన్ని నెలలుగా ఉందని చెప్పింది. "సరే" అన్నాను నేనూ కమ్మీతోనే. అంతకుమించి ఆమె ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆసుపత్రి ఏదో చెప్పను. ఏ ఆసుపత్రైనా అంతే. చిన్న గది, తెర లేదు, మా వెనక వరుసలో పది మంది. అందులో నలుగురు మా పక్క ఊళ్ళవాళ్ళు, నన్ను ఎరిగినవాళ్ళు. నర్సు కూడా మా దిక్కు మనిషే. డాక్టరు కుర్రవాడు, పొద్దున్నించి చూసి చూసి అలిసిపోయి ఉన్నాడు. "ఏమిటి?" అన్నాడు నన్ను చూసి.

నేను మొదలుపెట్టాను. "సార్, ఈమె కడుపు కడుపు కాదు, మేళం. తిన్నదంతా గాలైపోతుంది. మొన్న మా వీధిలో పెళ్ళి అనుకుని ఇద్దరు అక్షింతలు పట్టుకుని వచ్చారు, చూస్తే ఈమె కడుపులో చప్పుడు."

వెనక వరుస నవ్వింది. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు కూడా నవ్వాడు. ఆ రోజుకు అదే అతని మొదటి నవ్వు అనిపించింది. అత్త చీర మీద నించే పొట్ట నొక్కి చూశాడు, గ్యాసు మాత్రలు రాశాడు. పులుపూ కారమూ తగ్గించమన్నాడు. అత్త అందరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

బయటికొచ్చాక కుళాయి దగ్గర నీళ్ళు తాగి, ఆ కుళాయినే అడిగింది. "మాప్పిళ్ళ అంతా చెప్పినాడా?"

"అంతా చెప్పినాడు" అన్నాను. "డాక్టరే నవ్వినాడు."

"నవ్వినాడా?"

"పగలబడి నవ్వినాడు."

అత్త కుళాయి కట్టేసింది. తర్వాత మొహం తుడుచుకుంది. ఆ మొహం తేలికపడింది. బస్సు ఎక్కేముందు నాకోసం రేగు పళ్ళు కొనింది, చిన్నప్పట్లాగా.

మాత్రలు అయిపోతే మళ్ళీ తెచ్చిచ్చాను. మూడు నాలుగు సార్లు తెచ్చుంటాను. తెచ్చిన ప్రతిసారీ ఎనుము అడిగేది, ఎన్నాళ్ళు మింగాలని. తగ్గేదాకా అని నేను ఎనుముకు చెప్పేవాణ్ణి.

వానలు మొదలైనాక మా పక్క ఊరి బడిలో ఆడవాళ్ళకు వైద్య శిబిరం పెట్టారు. గర్భసంచి మూతికి పరీక్ష, ఉచితం. తప్పెట కొట్టి తమిళంలో చాటారు, గోడల మీద తమిళంలో కాగితాలు అంటించారు. ఊరి నర్సమ్మ ఇంటింటికీ వచ్చి చెప్పింది. నా పెళ్ళాం సంఘం ఆడవాళ్ళతో పోయి పరీక్ష చేయించుకుని వచ్చింది. పోయేముందు తల్లిని పిలిచింది. ఆ మాటలు నేను పెరట్లో పలుపు ముడేస్తూ విన్నాను.

"రామ్మా, ఊరికే చూస్తారు. ఆడ డాక్టరమ్మే."

"నాకు వద్దే."

"నీకేమన్నా ఉండాదా? చెప్పరాదా?"

"ఉండేది మాప్పిళ్ళ చెప్పేసినాడు. డాక్టరు విని నవ్వినాడంట. నవ్వే జబ్బుకు ఎన్ని తూర్లు పోయేది?"

నా పెళ్ళాం నా వైపు చూసింది. నేను పలుపు ముడి చూసుకుంటున్నాను.

శిబిరం వాళ్ళు రెండు రోజులుండి గుడ్డ డేరాలు చుట్టుకుని పోయారు.

చెరకు కొట్టే కాలం వచ్చింది. మిల్లు ట్రాక్టర్లు దారంతా చెత్త రాల్చుకుంటూ పోతున్నాయి. ఒక పొద్దున నా పెళ్ళాం గడ్డివామి వెనక గుడ్డలు చూసింది. పాత చీర చింపిన పేలికలు. ఉతికి, ఎవరికీ కనపడకుండా వామి మీద కింది వరుసలో ఆరేసి, పైన గోనె కప్పి ఉన్నాయి. ఎంత ఉతికినా మరక పోలేదు. ఆమె ఆ పేలికలు చేతిలో పట్టుకుని తల్లి దగ్గరికి పోయింది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. బయటికొచ్చేటప్పటికి నా పెళ్ళాం చీర మార్చుకుని ఉంది, అత్త చెయ్యి పట్టుకుని ఉంది.

"నేనూ వస్తా" అన్నాను.

"వద్దు" అంది. "నీ నోరు ఇంట్లో పెట్టుకో."

ఆ తర్వాతదంతా ఆమె చెప్పగా తెలిసిందే. ధర్మపురిలో ఆడ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆ డాక్టరు అడిగింది, నా పెళ్ళాం తమిళంలో చెప్పబోయింది, చెప్పలేక ఏడ్చింది. అక్కడొక నర్సు ఉంది. హోసూరు అవతలి మనిషి, ఇంట్లో తెలుగే. ఆమె అత్త పక్కన కూర్చుని, సగం కన్నడం కలిసిన తెలుగులో, "ఏమమ్మా, నాకు చెప్పు, నేనూ మనోళ్ళే" అందట.

అత్త చెప్పిందట. ఎనుము లేదు, కుళాయి లేదు, కమ్మీ లేదు. మనిషి మొహం చూసి చెప్పిందట. డాక్టరు గడియారం చూసుకుంటూ కూడా ఆపలేదట. అంత సేపూ చెబుతూనే ఉందట, మధ్యలో నా చిన్నప్పటి సంగతి కూడా ఏదో వచ్చిందట. లోపల పరీక్ష చేసి డాక్టరు చేతులు కడుక్కుంటూ అంది. "ఇంత ఆలస్యంగానా? ముట్లు ఆగినాక రక్తం కనపడితే మరుసటి రోజే రావాలి. ఏడాది ముందు వచ్చుంటే వేరుగా మాట్లాడేదాన్ని."

"ముందే వచ్చిందమ్మా. కడుపునొప్పని చెప్పినారు" అందట నా పెళ్ళాం.

"ఎవరు చెప్పారు?"

నా పెళ్ళాం వంగి తల్లి చీర కుచ్చిళ్ళు సర్దిందట.

కరెంటు పెట్టే ఆసుపత్రికి రాసిచ్చారు. క్యాన్సరుకు చేసే వైద్యాన్ని మా దిక్కు కరెంటు పెట్టడమనే అంటారు. సేలం పోయి అక్కడ ఉండి పెట్టించుకున్నారు. అక్కడ కూడా నా పెళ్ళామే తోడుంది. నేను వారానికొకసారి సద్దిమూట తీసుకుని పోయేవాణ్ణి. వరండాలో నిలబడేవాణ్ణి. అత్త మంచం మీద నన్ను చూసి కొంగు లాక్కోబోయేది. ఆ చెయ్యి నెత్తి దాకా పోయేది కాదు. చివరికొకసారి నా పెళ్ళామే లేచి ఆ కొంగు ఆమె నెత్తిన కప్పింది. మర్యాద దక్కింది. ఇంకేమీ దక్కలేదు.

ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తీసుకొచ్చినాక ఇరవై రోజులుంది. ఆ ఇరవై రోజులూ ఆ ఇంటి వాసన నేను రాయను. ఎనుమును అమ్మేశాము. చివరి రోజుల్లో ఆమె గోడతో మాట్లాడింది, నాకోసమో గోడకోసమో తెలియదు.

పెద్దకర్మ అయినాక నా పెళ్ళాం సంఘంలో లేచి నిలబడింది. ఇకమీదట మన ఇళ్ళలో ఆడమనిషికి జబ్బు చేస్తే మగవాడు తోడు పోకూడదు, తమిళం బాగా వచ్చిన ఆడమనిషి పోవాలి అంది. పోయేముందు ఇంట్లోనే కూర్చోబెట్టి తెలుగులో అంతా చెప్పించుకోవాలి, అక్కడికి పోయి ఆ చెప్పిందే చెప్పాలి, ఒక మాట ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. నలుగురు ఒప్పుకున్నారు. ఊరి నర్సమ్మ వాళ్ళను కూర్చోబెట్టి ఆ మాటలన్నిటికీ తమిళం చెప్పింది. మొదటి రోజు నవ్వులే నవ్వులంట. రెండో రోజు ఎవరూ నవ్వలేదంట.

రెండేళ్ళకు శిబిరం మళ్ళీ వచ్చింది. ఈసారి మన మాటలో కూడా చాటాలని నా పెళ్ళాం నర్సమ్మ దగ్గర పట్టుబట్టింది. సాయం చేద్దామని నేను అందమైన తెలుగు అక్షరాల్లో కాగితం రాసి పాలసొసైటీ గోడకు అంటించాను. ఒక్కరికీ చదవడం రాదు. అంటించిన గంజి కోసం మేక వచ్చి సగం తినిపోయింది.

"నీ అక్షరాలు మేకకు పనికొచ్చినాయి" అంది నా పెళ్ళాం. "నోరుందిగా. పోయి అరువు."

"ఏమని?"

ఆమె చెప్పింది. ఉన్నదున్నట్టు, ఒక్కో మాటా నాచేత అనిపించింది, బడిపిల్లవాడికి ఎక్కం నేర్పినట్టు.

తప్పెటవాడి వెనక వీధి వీధీ తిరిగి అరిచాను. "ముట్లు ఆగినాక రక్తం కనపడితే, కొద్దిగా అయినా సరే, దాచవద్దు. నొప్పి లేకపోయినా సరే. రేపు బడి దగ్గర ఆడ డాక్టరమ్మ చూస్తాది. మన మాట తెలిసిన మనిషి పక్కనుంటాది." టీ కొట్టు దగ్గర మగవాళ్ళు ఈలలేశారు. "ఏమప్పా, నీకెప్పుడు ఆగినాయి?" అని ఒకడు. ఇంకో రోజైతే వాడికి నేనిచ్చే జవాబు ఊరంతా నెల రోజులు చెప్పుకునేది. నేను ఆగకుండా మళ్ళీ మొదటినించి అరిచాను. ఒక్క మాట చేర్చలేదు. మా వాడ ఆడవాళ్ళు చాలామంది వచ్చారు. అందులో ఒకామెకు జబ్బు మొదట్లోనే కనపడిందట. ఆమె ఇప్పుడు సంతలో వంకాయలు అమ్ముతోంది. నన్ను చూస్తే ఒకటి ఎక్కువ వేస్తుంది. నాకు వంకాయ గొంతు దిగదు.

ఒట్టు పెట్టి మొదలుపెట్టాను కాబట్టి ఇప్పుడు చెప్పాలి. ఎనుము కల్పన కాదు. మేక కల్పన కాదు. చారు వాగు కల్పనని మీకు ముందే తెలుసు. నేను కల్పించింది ఒక్కటే. బస్సులో మాట.

కడుపునొప్పి అని అత్త అనలేదు. కమ్మీని పట్టుకుని, కిటికీలోకి చూస్తూ, ఆమె అన్నది ఇది. "ముట్లు ఆగి ఎన్నేండ్లో ఆయ. ఇప్పుడు మళ్ళా రక్తం పోతాండాది. నాలుగు నెలలుగా. నా బిడ్డకు చెప్పలేదు, బెదురుతాది. డాక్టరుకు మాత్రం చెప్పల్ల. నాకు ఆ మాట అరవంలో రాదు."

నేను "సరే" అన్నాను. అది మాత్రం నిజం.

గదిలోకి పోయాము. వెనక మా పక్క ఊరి నలుగురు, ముందు మా దిక్కు నర్సు. డాక్టరు ఏమిటన్నాడు. ఆ మాటకు తమిళం నాకు బాగా తెలుసు. నోటిదాకా వచ్చింది. అత్త గురించి ఆ మాట ఆ నలుగురి ముందు అనాలి, రేపు వాళ్ళు టీ కొట్టు దగ్గర నన్ను చూసి ఏమంటారో అనిపించింది. ఆమె చెప్పింది కమ్మీకి కదా, నాకు కాదు కదా అని కూడా అనిపించింది. కడుపు, గాలి, మేళం అన్నాను. అందరూ నవ్వారు. అత్త ఆ నవ్వుల్లో తన మాట కోసం వెతుక్కుంటూ మొహాలు చూసింది. కుళాయి దగ్గర ఆమె అడిగింది కడుపునొప్పి గురించి కాదు.

ఇది నా పెళ్ళానికి తెలియదు. రోజూ రాసింది రాసినట్టు ఆమెకు చదివి వినిపిస్తున్నాను. ఆమెకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి నేను ఏది చదివితే అదే అందులో ఉన్నట్టు. బస్సు దగ్గరికొచ్చినప్పుడు, "పాపం, నీకు కూడా చెప్పలేదు చూడు" అంది. ఈ కాగితం ఇంకా చదవలేదు. ఆమె ఇప్పుడు వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది.

"అయిపోయినాదా?" అంటోంది.

"అయిపోయింది."

"అంతా రాసినావా?"

"రా, ఇట్లా వచ్చి కూర్చో" అన్నాను. చేతిలోని అనపకాయలు చేటలో వేసి లేస్తోంది.